మెడ వాలిన బాతు: ఒక పాత కాంపౌండర్ అనుభవ పాఠాలు

పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషికి ఇంట్లో ఊరికే కూర్చునే యోగం ఉండదు. మెదక్‌లో మా గల్లీవాళ్లు బర్రెకు కడుపుబ్బినా నన్నే పిలుస్తారు, కుక్కకు ముల్లు గుచ్చుకున్నా నన్నే పిలుస్తారు. ఈ మధ్య బాతుల కోసం పిలుపులు ఎక్కువయ్యాయి. ఘనపూర్ ఆనకట్ట కింద వరికోతలు కాగానే మందలవాళ్లు బాతులను తోలుకొస్తారు, కోసిన మళ్లలో రాలిన గింజ మేపుకోవడానికి. పిల్లలు ముచ్చటపడి వాళ్ల దగ్గర రెండో మూడో కొనిపించుకుంటారు. పెరట్లో ప్లాస్టిక్ టబ్బు పెడతారు, పేర్లు పెడతారు, పాపం బాగానే చూసుకుంటారు. ఒకనాడు పొద్దున్నే "తాతా, మా బాతు మెడ నిలుపుతలేదు, జల్ది రా" అని ఉరికొస్తారు.

సూదీ మందూ డాక్టరు పని. డాక్టరు వచ్చేలోపల ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది ఇంటివాళ్ల పని. నేను చూసినంతలో బాతు బతుకు సగం అక్కడే తేలిపోతుంది. నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు బాతును కాదు, అది తిరిగొచ్చిన చోటును చూడండి.

విషం తిన్న బాతులు చాలావరకు చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. నడక తూలుతుంది, రెక్క జారుతుంది, మెడ వాలుతుంది. అది చూసి ఇది ఫలానా విషమని చెప్పేసేవాళ్లను నేను నమ్మను. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా "పొద్దుటి నుంచి ఎక్కడ తిరిగింది?" అనే మొదట అడిగేవారు.

కోడి అయితే గింజను చూసుకుని పొడుస్తుంది. బాతు తిండి అలా కాదు. ముక్కు బురదలో దించి, నీళ్లతో సహా లోపలికి లాగి, ముక్కు అంచుల్లో ఉండే జల్లెడ లాంటి గీతల్లోంచి నీళ్లు బయటికి తోసి, మిగిలింది మింగుతుంది. అది వడ్లగింజో మందు గుళికో చూసుకోదు. అందుకే ఒకరు బాతు దగ్గర ఉంటే ఇంకొకరు అది నడిచిన దారి పట్టుకుని పోవాలి. గట్టు మీద ఒలికిన గుళికలు, మోరీ పక్కన స్ప్రే పంపు కడిగిన నీళ్లు, ఎలుక బొక్క దగ్గర కాగితం పొట్లం, కుంట ఒడ్డున చచ్చిన చేప, నీళ్ల మీద పచ్చరంగు పోసినట్టు తేలే నాచు... ఏది కనబడితే అది సెల్‌ఫోన్‌లో ఫొటో తీయండి. మిగతా బాతులను అటు పోకుండా గంప కింద మూయండి. మొదటి వైద్యం ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు.

2. ఎంతసేపట్లో పడింది, ఎన్ని పడ్డాయి?

పొద్దున బాగుండి మధ్యాహ్నానికి మూడూ పడ్డాయంటే పురుగుమందో ఎలుకల మందో అని నా మనసు పోతుంది. నిన్న కాళ్లు, ఇవాళ రెక్కలు, రేపు మెడ అని మెల్లగా జారుతుంటే చెరువు విషం, దాని సంగతి ఐదో పాఠంలో చెప్తాను. తిండి తగ్గి, బరువు తగ్గి, వారాల తరబడి కుంగుతుంటే బూజు పట్టిన దాణా కావచ్చు, సీసం కావచ్చు. రోజుకొకటి చొప్పున పడుతుంటే అసలు విషం అనుకోకుండా రోగం అనుకోవడం మంచిది. ఇదేమీ శాస్త్రం కాదు, దారి చూపే లెక్క మాత్రమే.

3. "గుళికలు" అంటే ఒక్క మందు కాదు. సంచి పారేయొద్దు.

మా వైపు వరికి మొగిపురుగు రాగానే అందరూ వాడే మాట "గుళికలు చల్లినం". అడిగితే పేరు చెప్పలేరు. బాతు పడిపోయినప్పుడు కావలసింది ఆ పేరే.

కార్బోఫ్యూరాన్ గుళికలు ఒక రకం. ఫోరేట్ గుళికలు ఇంకో రకం. ఫోరేట్ వాడకాన్ని 2020 డిసెంబర్ 31తో మన దేశంలో ఆపేశారు, అయినా కొట్టాల్లో పాత డబ్బాలు ఉండనే ఉంటాయి. ఈ రెండూ, మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి కొట్టే మందులూ నరాలకూ కండరాలకూ నడుమ పనిచేసే ఒక ఎంజైమును పట్టేస్తాయి. దాంతో నోట్లో ఆగకుండా సొంగ, నీళ్ల విరేచనం, కండరాల అదురు, చివరికి ఊపిరి అందకపోవడం.

చర్చి వెనక గల్లీలో ఒక ఇంట్లో చూసిన బాతు ఇంకా కళ్లలో ఉంది. ముక్కు కొన నుంచి తీగలా సొంగ కారుతోంది. ముక్కు తెరిచి, తోకను ఊపిరికొకసారి కిందికీ మీదికీ కొట్టుకుంటూ గాలి లాగుతోంది. పక్కకు ఒరిగిన కాళ్లు ఈదుతున్నట్టు వెనక్కి తన్నుకుంటున్నాయి. ఇంటాయన మిద్దె తోటలో చెట్లకు మందు కొట్టి పంపును బాతుల టబ్బు పక్కనే కడిగాడు. డాక్టరు సాబ్ వచ్చి అట్రోపిన్ ఇచ్చారు, కొంత నరానికి, కొంత కండకు. కాసేపాగి మళ్లీ ఇచ్చారు. అది బతికింది.

దీంట్లో ఒక మెలిక ఉంది. అట్రోపిన్ ఎక్కిందా లేదా అని పశువుల్లో కంటిపాప విచ్చుకోవడాన్ని బట్టి చూస్తారు. పక్షి కంటిపాపను నడిపే కండరం వేరే రకం, దానికి అట్రోపిన్ పనిచేయదు. కాబట్టి బాతు కళ్లలో టార్చిలైటు వేసి "మందు ఎక్కలేదు" అని కంగారుపడొద్దు. సొంగ తగ్గిందా, ఊపిరి నెమ్మదించిందా, అదే గుర్తు.

ఇంకో మెలిక. ఇప్పుడు ఎక్కువగా చల్లేది కార్టాప్ గుళికలు. అది పనిచేసే తీరే వేరు, దానికి అట్రోపిన్ విరుగుడు కాదు. ఫోరేట్ లాంటి వాటికి అట్రోపిన్‌తో పాటు డాక్టర్లు వాడే ప్రాలిడాక్సిమ్ కూడా అన్ని మందులకూ పనికిరాదు. "ఏదో గుళికలు సార్" అంటే డాక్టరు చీకట్లో చెయ్యి పెట్టినట్టే. ఖాళీ సంచి అయినా సరే, పట్టుకురండి.

4. ఎలుకల మందు ఎరను బాతుకు నచ్చేట్టే చేస్తారు.

వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పే లెక్క అందరికీ తెలిసిందే: 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు జింక్ ఫాస్ఫైడ్. నూనె వాసన వేసే నూకలు! అంతకంటే ఇష్టమైన తిండి బాతుకు ఏముంది? బొక్కలో లోతుగా పెట్టి మట్టి కప్పమంటారు. మనవాళ్లు గట్టు మీద పొట్లం విప్పి వస్తారు.

ఆ నల్లటి పొడి కడుపులో పులుపు తగలగానే ఫాస్ఫీన్ అనే గ్యాసు అవుతుంది. కొన్ని గంటల్లోనే పని ముగుస్తుంది. చచ్చిన బాతు ముక్కు దగ్గర కుళ్లిన చేప వాసనో వెల్లుల్లి వాసనో వస్తే దాన్ని గదిలోకి తేవద్దు, మూతి దగ్గర మూతి పెట్టి వాసన చూడొద్దు. ఆ గ్యాసు మనిషికీ విషమే. దీనికి విరుగుడు మందు లేదు. డాక్టరు చేసేదంతా ఊపిరినీ గుండెనూ నిలబెట్టే ప్రయత్నమే.

బిళ్లలుగా అమ్మే బ్రోమాడియోలోన్ వేరు. అది తిన్న బాతు రెండుమూడు రోజులు హాయిగా తిరుగుతుంది. తర్వాత ముక్కులో, రెట్టలో నెత్తురు, చర్మం కింద నల్ల మచ్చలు, నీరసం. దీనికి మాత్రం విరుగుడు ఉంది, విటమిన్ కె1. కొన్ని వారాలు వాడాలి. మందుల షాపులో దాణాలో కలిపే కె3 చేతిలో పెట్టి "రెండూ ఒకటే" అంటారు. ఒకటి కాదు, కె3 ఈ విషానికి పనిచేయదు. బిళ్ల తిన్నదని కళ్లారా చూస్తే రక్తం కనబడేదాకా ఆగకుండా అదే రోజు తీసుకెళ్లండి.

5. ఎండాకాలం చెరువు.

ఈ ఒక్క పాఠం చదివి మిగతావి వదిలేసినా నాకు బాధ లేదు. మెదక్‌లో పెంపుడు బాతులకు పురుగుమందు ఎంత భయమో ఏప్రిల్, మే నెలల్లో ఇంకుతున్న కుంట అంత భయం. నీళ్లు తగ్గి వేడెక్కుతాయి, చేపలు చచ్చి ఒడ్డుకు పడతాయి, గడ్డి మురుగుతుంది. గాలి తగలని ఆ కుళ్లులో క్లాస్ట్రీడియం బొటులినం అనే సూక్ష్మజీవి పెరిగి విషం వదులుతుంది. కళేబరంలో పుట్టిన పురుగులకు ఆ విషం ఏమీ చేయదు కానీ అవి దాన్ని ఒంట్లో మోస్తాయి. బాతు ఆ పురుగులను ఆబగా తింటుంది, తిని పడిపోతుంది, అది చచ్చి మళ్లీ పురుగులు పుడతాయి, ఇంకో బాతు తింటుంది. 2019 నవంబరులో రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సులో వేలకు వేల వలస పక్షులను చంపింది ఇదే.

గుర్తులు కింది నుంచి మీదికి పోతాయి. ముందు కాళ్లు: రెక్కలతో నేల తోస్తూ పాకుతుంది. తర్వాత రెక్కలు. ఆ తర్వాత కంటికి అడ్డంగా వచ్చే మూడో రెప్ప సగంలో నిలిచిపోతుంది. చివరికి మెడ. నీళ్లలో ఉండగా మెడ వాలితే విషం కంటే ముందు నీళ్లే చంపుతాయి. ఒంట్లో అదురు ఉండదు, సొంగ పెద్దగా కారదు, అంతా జారుడే. పురుగుమందుకూ దీనికీ తేడా ఇక్కడ తెలుస్తుంది.

మన దగ్గర దీని విరుగుడు సీరం దొరకడం కష్టం. ఆంటీబయాటిక్ సూదులు లోపలికి పోయిన విషాన్ని తీయలేవు. మరి ఏం చేయాలంటే, సేవ. నీళ్లలోంచి తీసి నీడలో గోనెసంచి మీద పెట్టండి. పక్కకు పడనీయకుండా రెండు వైపులా చుట్టిన బట్టలు ఆనించి, మెడ కింద ఇంకో చుట్ట పెట్టండి, తల ఒంటికంటే కాస్త ఎత్తులో ఉండాలి. రెప్ప వేయలేదు కనుక కళ్లను శుభ్రమైన తడిబట్టతో అద్దుతుండండి. మింగగలిగితే ముక్కు అంచున చుక్క చుక్కగా మంచినీళ్లు, ఒక చుక్క మింగాకే ఇంకో చుక్క. మింగలేకపోతే గొట్టంతో పట్టడం తెలిసిన డాక్టరే పట్టాలి. మెడ పూర్తిగా పోకముందే పట్టుకున్నవి చాలావరకు కొన్ని రోజుల్లో లేచి నడవడం నేను చూశాను. "వదినా, ఇది బతకదు, కోసుకుందాం" అని పక్కింటామె అన్న బాతు తర్వాత గుడ్లు పెట్టింది.

ఇదే వరసలో చెప్పాల్సింది ఆముదం గింజ. అది తిన్న బాతూ ఇలాగే జారిపోతుంది, కానీ రెట్టలో జిగురూ నెత్తురూ కనబడతాయి. దొడ్డి కంచెలో ఆముదం చెట్టు ఉంటే కొట్టేయండి.

6. బూజు పట్టిన మక్కలు కోడి కొంత ఓర్చుకుంటుంది, బాతుపిల్ల ఓర్చుకోలేదు.

1960లో ఇంగ్లండులో లక్షదాకా టర్కీ కోళ్లు చచ్చాయి. ఏ రోగమో తెలియక మొదట్లో దానికి టర్కీ ఎక్స్ రోగమని పేరు పెట్టారు. చివరికి తేలింది ఏమిటంటే వాటికి వేసిన పల్లీ చెక్కలో బూజు. ఆ బూజు విడిచే విషమే అఫ్లటాక్సిన్. బాతుపిల్లలకు అది ఎంత గట్టిగా తగులుతుందంటే, తర్వాత రోజుల్లో దాణాలో విషం ఉందో లేదో చూడటానికి ప్రయోగశాలల్లో బాతుపిల్లల మీదే పరీక్ష చేసేవారు. వానలో తడిసి సరిగా ఎండని మక్కలను "మనుషులు తినరు, బాతులకు వేద్దాం" అంటారు మనవాళ్లు. ఉడకబెట్టినా ఆ విషం పోదు. దాణా మార్చి, కాలేయానికి బలం మందులు, విటమిన్లు వాడటం తప్ప సూటి వైద్యం లేదు.

7. ఉప్పు, సీసం, ఫ్యాక్టరీ నీళ్లు.

మిగిలిన పచ్చడి, ఎండు చేపలు కడిగిన నీళ్లు బాతులకు పోయకండి. తాగడానికి మంచినీళ్లు లేనప్పుడు ఉప్పు విషమవుతుంది. ఉప్పు తిన్న బాతుకు మంచినీళ్లు కొంచెం కొంచెంగా, మాటిమాటికీ ఇవ్వాలి, ఒకేసారి గోలెం ముందు వదలొద్దు. వలలకు కట్టే సీసం గుళ్లు ఒడ్డు బురదలో రాలి ఉంటాయి, బాతు రాయి అనుకుని మింగుతుంది. పచ్చటి రెట్ట, ఎముకలు తేలిన రొమ్ము, జారిన రెక్కలు ఉంటే ఎక్స్‌రే తీయించండి, సీసాన్ని ఒంట్లోంచి లాగే సూది ఉంది. ఇక ఫ్యాక్టరీ నీళ్లు కలిసి చెడిన పటాన్‌చెరు నక్కవాగు సంగతి పాత మెదక్ జిల్లావాళ్లకు నేను చెప్పక్కర్లేదు. రంగు మారిన నీళ్లకు విరుగుడు వెతకడం కాదు, అటు పోనీయకపోవడమే.

8. పొయ్యడం మానండి.

విషం అనగానే చింతపండు పులుసు, ఉప్పు నీళ్లు, పాలు, మంచినూనె, కోడిగుడ్డు సొన, పేడనీళ్లు. ఏ ఇంటికి వెళ్లినా బాతు ఒళ్లో పడుకుని ఉంటుంది, ఒకామె గిన్నె పట్టుకుని ఉంటుంది. బాతు నోరు తెరిచి చూడండి: నాలుక మొదట్లోనే నిలువు చీలిక ఒకటి తెరుచుకుంటూ మూసుకుంటూ కనబడుతుంది. అది గాలిగొట్టం మూతి. మెడ నిలపలేని బాతు నోట్లో ఏది పోసినా అందులోకే పోతుంది. విషంతో పోనిది పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. వాంతి చేయించాలని చూడొద్దు. ఉప్పు నీళ్లు రెండో విషం. నూనె, పాలలోని కొవ్వు కొన్ని విషాలను ఇంకా తొందరగా ఒంట్లోకి ఎక్కిస్తాయి. పొయ్యిలో బొగ్గు నూరి పోస్తే యాక్టివేటెడ్ చార్‌కోల్ అయిపోదు. అసలైన చార్‌కోల్‌ను బరువును బట్టి గొట్టంతో పట్టేది డాక్టరు. అది కూడా సీసం లాంటి లోహాలను పట్టదు.

9. ఈకల మీద మందు పడితే.

బాతు ఊరుకోదు, ముక్కుతో ఈకలు సవరించుకుంటుంది, ఒంటి మీది మందంతా కడుపులోకి పోతుంది. చేతికి తొడుగులు వేసుకుని, గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి కడగండి, కళ్లలో పడనీయకండి. సబ్బుతో ఈకల నూనె పోతుంది కాబట్టి పూర్తిగా ఆరి, ఒళ్లు వెచ్చబడేదాకా టబ్బులోకి వదలొద్దు.

10. డాక్టరుకు ఫోన్ చేస్తే ఏం చెప్పాలి?

"బాతు చస్తంది సార్, ఉరికి రాండి" అంటే ఆయనకు ఏమీ అర్థం కాదు. ఏ వేళ బాగుంది, ఏ వేళ పడింది, ఎన్ని ఉన్నాయి, ఎన్ని పడ్డాయి, రెట్ట రంగు, నోట్లో సొంగ ఉందా, ఒళ్లు అదురుతోందా జారుతోందా, దగ్గర్లో ఏం దొరికింది. బరువు కూడా చెప్పండి. కిరాణా కాటా మీద తూచినా చాలు. మన నాటు బాతు కిలోన్నర పైమాటే ఉంటుంది, కానీ చిక్కినది కిలో కూడా ఉండదు, సూది మందు ఆ తేడాకే ఎక్కువ తక్కువవుతుంది. తెలంగాణలో పశువుల అంబులెన్సుకు 1962 నంబరు 2017 నుంచి ఉంది. బాతు కోసం చేస్తున్నానని మొహమాటపడకండి. బుట్టలో అడుగున పాత బట్ట పరిచి, గాలి ఆడేట్టు, చీకటిగా తీసుకెళ్లండి. ఒళ్లో పెట్టుకుని బండి మీద నిమురుతూ పోతే భయానికే సగం చస్తుంది.

11. విషం కాకపోవచ్చు.

ఇది ముందే చెప్పాల్సింది, కానీ ముందే చెబితే ఎవరూ వినరు. 42 డిగ్రీల ఎండలో నీడలేని పెరట్లో నోరు తెరిచి పడిన బాతుకు వడదెబ్బ. దాణాలో నియాసిన్ చాలక కాళ్లు వంకరపోయిన పిల్లను కూడా "ఎవడో మందు పెట్టిండు" అంటారు. బాతు ప్లేగు, బాతు కలరా ఉన్నట్టుండి చంపుతాయి. అన్నిటికంటే పెద్దది బర్డ్ ఫ్లూ. 2014లో కేరళలో అది పట్టుబడింది బాతుల్లోనే. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రలో గోదావరి జిల్లాల ఫారాలను కుదిపేసింది. ఒకదాని వెంట ఒకటి చస్తున్నా, మెడలు మెలి తిరుగుతున్నా, కళ్లు తెల్లబడుతున్నా చచ్చినదాన్ని కోసి చూడొద్దు, ఉత్త చేతులతో తాకొద్దు, మిగిలినవాటిని అంగడికి తోలొద్దు. పశువుల డాక్టరుకు చెప్పండి. నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు పంపేది వాళ్లే.

12. ఎవరో కావాలని పెట్టారనుకుంటే...

కొట్లాటకు పోకముందు రుజువు దాచండి. చచ్చిన బాతును రెండు కవర్లలో కట్టి ఐసు ముక్కల నడుమ పెట్టి పోస్టుమార్టానికి ఇవ్వండి. దొరికిన ఎరను విడిగా ఒక డబ్బాలో పెట్టండి. జంతువును విషంతో చంపడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద నేరం, ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. పోస్టుమార్టం కాగితం లేకుండా ఠాణాకు పోతే మాత్రం మీ మాట, పక్కింటాయన మాట తప్ప ఏమీ మిగలదు. నేను చూసిన గొడవల్లో పక్కింటివాళ్ల కంటే మన పెరట్లో పెట్టిన ఎలుకల మందే ఎక్కువసార్లు దొరికింది.

13. చచ్చినవి, బతికినవి.

విషంతో చచ్చినదాన్ని వండొద్దు, కుక్కకు వేయొద్దు, పెంటకుప్ప మీద పారేయొద్దు. డేగ తింటే డేగా పోతుంది. సున్నం వేసి లోతుగా పాతండి. బతికినవాటి గుడ్లు ఎన్నాళ్లు తినకూడదన్నది ఏ విషం, ఏ మందు వాడారు అన్న దాన్ని బట్టి డాక్టరు చెప్తారు. ఆయన చెప్పేదాకా పగలగొట్టి పాతిపెట్టడమే.

కోలుకున్నదాన్ని వెంటనే గుంపులో కలిపితే మిగతావి పొడుస్తాయి. నాలుగు రోజులు జాలీ అవతల, ఒకదానికొకటి కనబడేట్టు ఉంచండి. నానబెట్టిన నూకలు, తవుడు కొద్దికొద్దిగా పెట్టండి. నీళ్లు ముక్కు మునిగేంత లోతు చాలు. టబ్బులోకి వదలడం అది తనంతట తాను మెడ వెనక్కి తిప్పి, తోక మొదట్లోని నూనె తీసి ఈకలకు రాసుకోవడం మొదలుపెట్టాకే.